రికార్డులను మిద్దె మీద ఆరబెట్టకండి

ఎండాకాలం నుంచి తిరుగుతున్న మెసేజ్ ఒకటి ఈ వారం మళ్లీ నలుగురు పంపారు. ఇంగ్లీషు బ్లూస్ రాక్ (గిటార్ మీద నడిచే సంగీతం) ప్రేమపాట ఒకటి లిమిటెడ్ ఎడిషన్ వినైల్ సింగిల్‌గా, అంటే పక్కకు ఒక్క పాటే ఉండే చిన్న ప్లాస్టిక్ రికార్డుగా వచ్చి లక్షలు పలికిందట. కాబట్టి మన ఇళ్లలో ఉన్న పాత గ్రామఫోన్ రికార్డులన్నీ లక్షలేనట. స్పిరిట్‌తో తుడిచి, ఎండలో ఆరబెట్టి అమ్మకానికి పెట్టాలట. రంగు రికార్డైతే పాట ఇంకా బాగుంటుందట. 7 అంగుళాల చిన్న రికార్డులో పాట పెద్దదానికంటే బాగా వినిపిస్తుందట.

రంగు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. అది కంటికి, చెవికి కాదు.

లక్షల సంగతి. లిమిటెడ్ ఎడిషన్ అంటే ఇన్ని కాపీలే వేస్తామని ముందే లెక్క పెట్టుకోవడం. 500 కాపీల కోసం 5,000 మంది ఎగబడితే ధర పెరుగుతుంది. అడిగేవాళ్లు యాభై మందే అయితే షాపులోనే మిగులుతాయి. మన సినిమా పాటల రికార్డులు జనం కొంటారనే లెక్కలేనన్ని వేశారు. అట్ట చిరిగి, గీతలు పడినదానికి లక్షలు ఎవరిస్తారు?

నాకు నిజంగా కోపం తెప్పించింది స్పిరిట్, ఎండ. రికార్డు దేనితో చేసిందో చూడకుండా స్పిరిట్ ఎలా పూయమంటారు? లేబుల్ మీద 78 అని (నిమిషానికి 78 చుట్లు) ఉండి, చేతికి బరువుగా తగిలితే అది చాలావరకు లక్కతో చేసినదే. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. నమ్మకం లేకపోతే తలుపులకు పాలిష్ పెట్టే వడ్రంగిని అడగండి. తుడిచినంత మేర గాడి పాడవుతుంది. పాట ఉండేది ఆ గాడిలోనే కదా! 1960ల్లో ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ పాటలు కూడా మన దేశంలో 78 రికార్డులుగా వచ్చాయి. సేకరించేవాళ్లు ఇప్పటికీ వాటికోసం వెతుకుతారు. అలాంటిది ఎవరింట్లోనైనా ఉంటే, ఈ సలహాతో ముందు పోయేది అదే.

వినైల్ వేరు. అది ప్లాస్టిక్, నీళ్లకు చెడదు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు మా నాయన రికార్డులు బురదలో ఉండిపోయాయి. అట్టలు, లేబుళ్లు పోయాయి. చల్లటి నీళ్లతో కడిగి నీడలో నిలబెడితే పాటలు మాత్రం దక్కాయి. వాటిలో ఒకదాన్ని మా చిన్నాయన మొన్న మే నెలలో ఈ మెసేజ్ చూసి మిద్దె మీద పెట్టాడు. 60 డిగ్రీల దగ్గర వినైల్ మెత్తబడుతుంది. అసలే నల్ల రికార్డు, కింద కాలే గచ్చు. సాయంత్రానికి అప్పడంలా వంగిపోయింది. ఇప్పుడు ముల్లు ఒక్క చుట్టు కూడా నిలవడం లేదు. మేలో మా ఊళ్లో మిద్దె మీద వడియాలు పెడతారు. పాటలు ఎండబెట్టమని రాసిన పెద్దమనిషి ఒక్కసారైనా రికార్డును చేత్తో పట్టుకున్నాడా?

చిన్న రికార్డు మాటలో మాత్రం కొంత నిజం ఉంది. మొదట కొట్టిపారేశాను, తర్వాత ఆలోచిస్తే ఒప్పుకోక తప్పలేదు. సింగిల్ సాధారణంగా నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది, పెద్దది 33 పైచిలుకు. అంటే నడిమి నుంచి ఒకే దూరంలో చూస్తే, అదే సమయంలో ముల్లు కింద ఎక్కువ గాడి నడుస్తుంది; పెద్దదాని బయటి అంచు దగ్గర మాత్రం పెద్దదే గెలుస్తుంది. ఒకటే పాట కాబట్టి గాడిని ఎడం ఎడంగా కోయొచ్చు. గిటార్ తీగ సాగదీసినప్పుడు వచ్చే మూలుగు అందుకే అంత విడిగా వినిపిస్తుంది. ఒక్క ప్రేమపాట కోసం వేలు పెట్టి సింగిల్ కొనేవాళ్లను నేను తప్పుపట్టను. నేనూ కొన్నాను.

చిన్నాయనా, మిగిలినవి మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, బీరువాలో నిలువుగా పెట్టు. ఆదివారం వచ్చి నేనే చూస్తాను. అంతవరకు స్పిరిట్ సీసా ముట్టుకోవద్దు.