రాయి పండకముందే చేపలు అంటగడతారా?

నిన్న సాయంత్రం నెల్లూరులో ఒక షాపువాళ్ళు ఉప్పునీటి చేపలు పెంచే మూడడుగుల ట్యాంకు, ఉప్పు, ఇసుక, ఎండు రాయి (బాక్టీరియా ఇంకా పట్టని పొడి రాయి), రెండు క్లౌన్ చేపలు, అన్నీ ఒకే బిల్లు మీద ఇచ్చి పంపారు. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్నాయన ఫోన్ చేస్తే "రెండ్రోజుల్లో అలవాటు పడతాయిలే" అన్నారంట. ఏంది సామీ ఇది? చేపల మలినాల్లోంచి పుట్టే అమ్మోనియాకి ఏ ప్రాణి అలవాటు పడుతుంది?

ఉప్పునీటి ట్యాంకుకి అసలు ఫిల్టరు ఆ రాయే. దాని రంధ్రాల్లో, ఇసుకలో బాక్టీరియా పట్టాలి. అది అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చాలి. రాయి పండటమంటే ఇదే. ఎండు రాయితో మొదలుపెడితే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది, అక్కడ కొద్దిపాటి అమ్మోనియా కూడా విషమే. ఇది మనోళ్ళకి తెలియని సంగతా? ఏ వనామీ రొయ్యల చెరువు కట్ట మీద కుర్రాణ్ణి అడిగినా, మధ్యాహ్నం పీహెచ్ ఎక్కితే అమ్మోనియా ఏం చేస్తుందో చెబుతాడు. రొయ్యకి రోజూ టెస్ట్ కిట్ పట్టే జిల్లాలో, చేపలు అమ్మే షాపులో ఒక్క కిట్ ఉండదు!

పైగా ఇసుక పోసి దాని మీద రాళ్ళు పేర్చారు. గోబీ లాంటి చేప కింద తవ్విందంటే రాయి ఒరిగి అద్దం పగులుతుంది. ముందు రాయి అడుగు అద్దానికి ఆని కదలకుండా కూర్చోవాలి, వెనక నీళ్ళు తిరిగే సందు ఉండాలి, తర్వాతే ఇసుక. మూడడుగులకి ఒకటిన్నర అడుగు ట్యాంకులో 3 సెంటీమీటర్ల మందానికి సుమారు 18 కిలోల అరగొనైట్ (సున్నపు జాతి) ఇసుక చాలు. ఎండు ఇసుకైతే నీళ్ళు తేటపడేదాకా కడగాలి. తడి లైవ్ శాండ్ ప్యాకెట్టయితే కడగకూడదు, కడిగితే బాక్టీరియా పోతుంది. ఉప్పుని రాళ్ళ మీద కుమ్మరించడం కాదు, వేరే డ్రమ్ములో ఆర్వో నీళ్ళలో 35 పీపీటీకి (వెయ్యికి 35 వంతుల ఉప్పు) కలిపి ఒక రోజు పంపు తిప్పాలి. ఆ తర్వాత లైట్లు ఆపి, బాక్టీరియాకి మేతగా అమ్మోనియం క్లోరైడ్‌ వేసి అమ్మోనియాని 2 పీపీఎంకి (పది లక్షలకి 2 వంతులు) తెచ్చి రోజూ టెస్ట్ చేయాలి. వేసిన 2 పీపీఎం 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే అప్పుడు నీళ్ళు మార్చి, ఒక్క చేప.

ఇంకొకటి, ఇది ఎప్పట్నుంచో మండుతున్న సంగతి. "మైపాడు బీచికి పోయి బస్తా ఇసుక తెచ్చుకో, డబ్బులు దండగ" అని సలహా ఇచ్చే పెద్దమనుషులున్నారు. ఆ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, పీహెచ్‌ని నిలబెట్టదు. అందులోని నల్ల రేణువులు అద్దం తుడిచే మాగ్నెట్‌కి అతుక్కుని గీతలు పెడతాయి. అంతకంటే ఘోరం, "ఒరిజినల్ రాయి" అని చాటుగా పగడపు రాళ్ళు అమ్మేవాళ్ళు. రాతి పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షణ ఉంది. తీసినా, అమ్మినా, కొన్నా నేరమే. సున్నం కోసం తవ్వి తవ్వి మన్నార్ సింధుశాఖలో పగడపు దిబ్బల్ని నాశనం చేసింది చాలదా? ఎండు రాయి ఉండగా ఆ పాపం దేనికి?

ఇప్పటికే చేపలు ఇంటికొచ్చి ఉంటే ఇవాళే వెనక్కి ఇచ్చేయండి. షాపువాళ్ళు వెనక్కి తీసుకోం అంటే, ముందే కలిపి పెట్టిన ఉప్పునీళ్ళతో రోజూ మూడో వంతు మార్చండి, మేత బాగా తగ్గించండి, బాక్టీరియా సీసా ఒకటి పోయండి. అమ్మోనియా సున్నాకి వచ్చేదాకా కిట్ పక్కన పెట్టొద్దు.