తల్లి ఒంటి సంగతులు కొడుకు చేత అడిగిస్తారా?

ఇప్పుడే క్లినిక్ నుంచి వచ్చాను, ఒళ్ళు ఇంకా మండిపోతోంది. బ్లడ్ టెస్ట్ కోసం లైన్లో నిలబడ్డాను, నా ముందు ఒక సోమాలీ ఆవిడ, పక్కన కొడుకు, మహా అయితే ఆరో క్లాసు ఉంటాడేమో. కౌంటర్లో అమ్మాయి ఆ తల్లి మొహం కూడా చూడకుండా పిల్లాడితో అంటోంది, మీ అమ్మకి లాస్ట్ పీరియడ్ ఎప్పుడొచ్చిందో కనుక్కుని చెప్పు అని! వాడు తల దించేసుకుని జాకెట్ జిప్పు పైకీ కిందకీ లాగుతున్నాడు. ఆవిడకి సంగతి అర్థమైపోయినట్టుంది, హిజాబ్ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి వాడు అమ్మని అడగనే లేదు, నోటికొచ్చిన తేదీ చెప్పేశాడు, ఆ అమ్మాయి టకటకా టైప్ చేసేసుకుంది. అది మెడికల్ రికార్డు అండీ, రేపు దాన్ని చూసే మందులు రాస్తారు!

మినియాపొలిస్‌లో సోమాలీ మాట్లాడేవాళ్ళు దొరకరా? అమెరికా మొత్తంలో సోమాలీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం మినెసోటా. ఇంటర్‌ప్రెటర్ లైన్‌కి ఫోన్ కొడితే మనిషి దొరుకుతాడు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆస్పత్రులకి 2016లోనే రూల్ పెట్టారు, ఎమర్జెన్సీలో ఇంకెవరూ దొరక్కపోతే తప్ప చిన్నపిల్లల చేత అనువాదం చేయించకూడదని. రూల్ గోడకి అంటించడానికి కాదు కదా.

ఇంత చేసి మళ్ళీ వీళ్ళే అంటారు, సోమాలీ పిల్లలు తల్లిదండ్రుల మాట వినరు, ఇంట్లో మాటలే ఉండవు అని. ఎలా వింటారు? కరెంటు బిల్లు వాడే చదవాలి, అద్దె లెటర్ వాడే చదవాలి, తన మీద టీచర్ చెప్పిన కంప్లైంటు కూడా వాడే నాన్నకి వినిపించాలి. ఇంటి పెద్దరికం తీసుకెళ్ళి పసివాడి నెత్తిన పెట్టి, తర్వాత వాడికి భయం భక్తీ లేవంటే ఎట్లా?

ఆ తల్లిదండ్రులు ఊరికే రాలేదు. 1991లో సోమాలియాలో ప్రభుత్వం కూలిపోయి దేశం తగలబడితే పారిపోయి, చాలామంది కెన్యాలో దదాబ్ లాంటి శరణార్థి క్యాంపుల్లో ఏళ్ళకేళ్ళు గడిపి వచ్చారు. ఇక్కడ షకోపీలో అమెజాన్ గోడౌన్, మాంసం ఫ్యాక్టరీలు, ఎయిర్‌పోర్టు టాక్సీలు. నైట్ షిఫ్ట్ దిగి తండ్రి ఇంటికొచ్చేసరికి పిల్లలు స్కూల్ బస్సెక్కేసి ఉంటారు. తాము చూసిన చావులు పిల్లలకి చెప్పుకోవాలంటే పక్కన కూర్చునే టైమన్నా ఉండాలి కదా!

అలాంటి ఇంట్లో కథలు చెప్పి, భాష నేర్పి, ఇద్దరి మధ్యా కూర్చోవాల్సింది నానమ్మ, అమ్మమ్మ. సోమాలీలో అయేయో అంటారు. 2017లో సోమాలియా వాళ్ళు అమెరికా రాకుండా ట్రావెల్ బ్యాన్ పెట్టారు, 2021లో తీశారు, 2025 జూన్‌లో మళ్ళీ పెట్టారు. అయేయో ఎలా వస్తుంది? మన అమ్మలు విజిటర్ వీసా మీద ఆవకాయ డబ్బాలతో దిగి ఆర్నెల్లు మనవల్ని ఎత్తుకుని వెళ్తారు. అది ఎంత అదృష్టమో మనవాళ్ళకి తెలీదు.

అసలు నాకు ఎక్కువ మంట మనవాళ్ళ మీదే. పోయిన సంక్రాంతి పాట్‌లక్‌లో ఒక అంకుల్ అందరి ముందూ అన్నాడు, ఆ సోమాలీ వాళ్ళు పిల్లల్ని కంటారు గానీ పెంచరు అని. మా కింద ఫ్లాట్‌లో టాక్సీ నడిపే సోమాలీ ఆయన ఆదివారం పొద్దున పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకే పళ్ళెంలో అంజేరో తింటాడు, అది మన దోసెలాగే ఉంటుంది, ఆ నవ్వులు మా వంటింట్లోకి వినిపిస్తాయి. ఈ అంకుల్‌కేమో రెండు మాస్టర్స్, వర్క్ ఫ్రం హోమ్, కన్నతల్లి ఇంట్లోనే ఉంది. ఆ పెద్దావిడ పులిహోర ప్లేటు పట్టుకుని నాన్నా, నాన్నా అని పిలుస్తుంటే మనవడు హెడ్‌ఫోన్స్ తియ్యలేదు, ఆవిడ అలాగే నిలబడిపోయింది, అంకుల్ చూసి కూడా ఏమీ అనలేదు. అన్నీ ఉండి కూడా పిల్లాడికి నానమ్మ కనపడట్లేదు, మరి ఏమీ లేని వాళ్ళని ఏ నోటితో అంటారు?

అక్కడే అడిగేశాను, అంకుల్ మీరు పెంచింది ఇదేనా అని. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ ఫంక్షన్‌కీ నన్ను పిలవట్లేదు. పిలవక్కర్లేదు.