అద్దె గోడకు అంగీ

అద్దెకున్నవాడి శీలాన్ని అంచనా వేయడానికి అతని పుస్తకాల అలమర చూడనక్కరలేదు, పొయ్యి వెనక గోడ చూస్తే సరిపోతుంది. ఎగిరి పడిన నూనె చుక్క మొదటిరోజు ఒట్టి చుక్కే గాని, తుడవకుండా వదిలేస్తే వేడికీ గాలికీ చిక్కబడి, పసుపుపచ్చని వార్నిషులా గోడకు బిగుసుకుపోతుంది. గోడ ఓనరుగారిది, మరక మనది, అడ్వాన్సు ఎవరిదో ఇల్లు ఖాళీ చేసే రోజున తేలుతుంది.

అందుకే గోడకు తొడిగి, వెళ్లేటప్పుడు విప్పుకుపోయే అంగీ ఒకటి కావాలి. అది మనం ఉన్నన్నాళ్లూ వదలకుండా పట్టుకుని ఉండాలి, వద్దన్న మరుక్షణం మారుమాట లేకుండా ఊడి రావాలి. ఈ గుణం మనిషిలో కనిపిస్తే అవకాశవాదమని ఈసడిస్తాం, జిగురులో కనిపిస్తే డబ్బిచ్చి కొనుక్కుంటాం.

ఇలాంటి అంగీల్లో చవకైనది, టైల్స్ బొమ్మ అచ్చువేసిన వినైల్ స్టిక్కరు. దానికి పట్టింపులు ఎక్కువ. గోడకు జిడ్డు ఉండకూడదు, తడి ఉండకూడదు, గరుకు ఉండకూడదు. కొత్తగా రంగు వేసిన గోడైతే ఆ రంగు గట్టిపడేదాకా సుమారు నెల రోజులు ఆగాలి, లేకపోతే ఊడదీసేనాడు రంగు కూడా పెచ్చులుగా వెంట వస్తుంది. నేను సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, రసమట్టం పెట్టి మరీ మొదటి వరుస అంటించాను. వెనక కాగితాన్ని బెత్తెడు బెత్తెడు చొప్పున లాగుతూ, మడతపెట్టిన గుడ్డతో మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ పోతే బుడగలు రావని తెలిసి కూడా, నాలుగో వరుసకు ఓపిక నశించి ఒక్క గుంజు గుంజాను. ఆ తొందరకు గుర్తుగా చింతగింజంత బుడగ ఒకటి సరిగ్గా నా కంటి ఎత్తున నిలిచిపోయింది. సూదితో పొడిచి నొక్కితే పోతుందట. నాకు మాత్రం బుడగ పోయి చిల్లు మిగిలింది.

ఇక ఉష్ణోగ్రత సంగతి. వినైల్ సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, వేపుడుకు కాగే నూనె 180 దాకా పోతుంది. కనుక గోడలో ఏ భాగానికి రక్షణ అత్యవసరమో, సరిగ్గా ఆ భాగానికే ఈ రక్షకుడు పనికిరాడు. అధికార యంత్రాంగంతో పరిచయం ఉన్నవారికి ఇందులో వింతేమీ తోచదు. మంట వెనక భాగానికి స్టీలు రేకో, వేడికి తట్టుకునే గట్టి గాజు పలకో గట్టు మీద నిలబెట్టి గోడకు ఆనిస్తే చాలు: జిగురు లేదు, చిల్లు లేదు, వెళ్లేటప్పుడు చంకన పెట్టుకుని పోవచ్చు. ఇంత తేలికైన ఉపాయం కావడం వల్లనే దాన్ని ఎవరూ ఉపాయంగా లెక్కపెట్టరు.

గుడ్డను చిక్కటి గంజిలో ముంచి గోడకు అతికించే పద్ధతీ ఒకటుంది. నీళ్లతో తడిపితే ఊడి రావడం దాని సుగుణం, సింకు పక్కన బతకాల్సి రావడం దాని జాతకం. పొయ్యి పక్కన దాన్ని పెట్టే సాహసం గురించి మాట్లాడనవసరం లేదు.

ఖాళీ చేసే రోజున హెయిర్ డ్రయ్యరుతో ఒక మూల వెచ్చచేసి, జిగురు మెత్తబడ్డాక, స్టిక్కరును మనవైపు కాకుండా గోడ వెంబడే వెనక్కి మడుస్తూ నిదానంగా లాగాను. చాలావరకు వచ్చింది. మిగిలిన జిగురు మచ్చలకు వంటనూనె రాసి కాసేపు నాననిస్తే కరుగుతాయన్నారు, నిజంగానే కరిగాయి. రెండేళ్లపాటు ఏ నూనె బారి నుంచి ఆ గోడను కాపాడానో, ఆ నూనెనే ఆఖరిరోజున దోసిట్లో పోసుకుని స్వహస్తాలతో పూసి, మళ్లీ సబ్బుతో కడిగాను.

సాయంత్రం ఓనరుగారు వచ్చారు. వంటగదంతా కలియజూశారు. పొగకు మసిబారిన గోడల నడుమ, స్టిక్కరు కింద దాగి ఉన్నంతమేర తెల్లగా మెరిసిపోతున్న నలుచదరపు జాగా దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇక్కడేం చేశారండీ?"