చాంబర్ నిర్దోషి

కారు కింద నల్లటి మరక కనిపిస్తే చాలు, విచారణ లేకుండానే శిక్ష పడే ముద్దాయి ఒకటుంది. దాని పేరు ఆయిల్ పాన్. మెకానిక్ షెడ్లలో చాంబర్ అంటారు. ఇంజన్ అడుగున చుట్టూ బోల్టులతో బిగించిన తొట్టి. అంచు సందులోంచి ఆయిల్ కారకుండా నడుమ ప్యాకింగ్ ఉంటుంది. చిన్న కారులో 3 నుంచి 4 లీటర్ల ఆయిల్ కడుపులో పెట్టుకుని, నోరెత్తకుండా పడి ఉంటుంది. అది చేసిన నేరమల్లా అందరికంటే కింద ఉండటమే.

మన దగ్గర అదేమంత చిన్న నేరం కాదు. వంతెన కూలితే వర్క్ ఇన్‌స్పెక్టర్ సస్పెండవుతాడు. ప్రశ్నపత్రం లీకైతే అటెండర్ దొరుకుతాడు. ఆయిల్ లీకైతే చాంబర్ దొరుకుతుంది. భూమ్యాకర్షణ గురించి చెప్పింది న్యూటనే కావచ్చు గానీ, దాన్ని పాలనలో అమలు చేసిన ఘనత మాత్రం మనదే.

విచారణ ఎలా సాగుతుందో చూడండి. మెకానిక్ కారు కింద తల దూర్చి, చూపుడు వేలితో చాంబర్ అంచు తడుముతాడు. నల్లగా మెరుస్తున్న ఆ వేలిని ఓనర్ ముఖం ముందు పెడతాడు.

"చాంబర్ ప్యాకింగ్ పోయింది సార్. పనిలో పని చాంబర్ కూడా మార్చేద్దాం."

"పైనుంచి కారుతోందేమో చూశావా?"

"ఇరవై ఏళ్ళ సర్వీసు సార్ నాది."

సర్వీసు మాట వచ్చాక సాక్ష్యాలు అడగడం మర్యాద కాదు.

ముద్దాయి తరఫున నేను మనవి చేసేది ఇంతే. ఒకసారి బానెట్ తెరిపించండి. అన్నిటికన్నా పైన కూర్చున్నది టాపెట్ కవర్, అంటే ఇంజన్ నెత్తిమీది మూత. ఇంజన్ వేడికి దాని రబ్బరు ప్యాకింగ్ కొన్నేళ్ళకు బిరుసెక్కుతుంది. అక్కడ మొదలైన ఆయిల్ ఇంజన్ వెనకగోడ వెంట జారి, కారు పరుగులో గాలికి ఇంకాస్త వెనక్కి పాకి, చివరికి చాంబర్ అంచున చేరి చుక్కగా రాలుతుంది. కార్చినవాడు పైన, పట్టుబడినవాడు కింద. మధ్యలో ఆయిల్ ప్రెషర్ స్విచ్చి ఉంది, ఆయిల్ ఫిల్టర్ ఉంది. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతే, చూడకుండా దానిమీదే కొత్తది బిగించే మహానుభావులున్నారు. ఆ కేసు కూడా చాంబర్ ఖాతాలోకే వెళ్తుంది.

ఇక వెనక ఆయిల్ సీల్. ఇది పలుకుబడి ఉన్న నిందితుడు. ఇంజన్‌లో తిరిగే ఇరుసు క్రాంక్ షాఫ్ట్. దాని చివర ఆయిల్ బయటికి రాకుండా కాపలా కాస్తూ, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ నడుమ కూర్చుంటుంది ఈ సీల్. దాని వాంగ్మూలం తీసుకోవాలంటే గేర్‌బాక్సే దించాలి. అంత పెద్దవాళ్ళను కదిలించడం ఎందుకని పేరు కూడా ఎవరూ ఎత్తరు.

అందరికన్నా ఘనుడు పీసీవీ వాల్వు. ఇంజన్ పొట్టలో చేరే గ్యాసును అక్కణ్ణుంచి తీసేయడం దాని ఉద్యోగం. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. తాను మాత్రం ఒక్క చుక్క కార్చదు. ఓనర్ ఒక్కో ప్యాకింగూ మార్పించుకుంటూ పోతాడు, లీకు అడ్రసులు మార్చుకుంటూ పోతుంది.

చాంబర్ అడుగున పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు వాషర్‌ని కూడా మర్చిపోవద్దు. ఆయిల్ మార్చినప్పుడల్లా దాన్నీ మార్చాలి. ఆ కాస్త ఖర్చు దగ్గర పొదుపు చేసి, బోల్టును పొడవాటి పానాతో ఇంకో పట్టు పట్టి, మరలు పాడుచేసి, చివరికి చాంబరే మార్చేవాళ్ళున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఇదే.

నిజం తెలుసుకోవాలనే దురుద్దేశం ఎవరికైనా ఉంటే దారి లేకపోలేదు. ఇంజన్ జిడ్డంతా కడిగి ఆరబెట్టాలి. కాస్త దూరం తిప్పి, రాత్రికి కింద అట్టముక్క పరచాలి. పొద్దున టార్చి పట్టుకుని కిందనుంచి కాదు, పైనుంచి వెతకాలి. తడి మొదలైన చోటే నేరస్థలం. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో రంగు మందు కలిపి, కాసేపు నడిపి, యూవీ లైటు వేస్తే లీకున్న చోటు పచ్చగా వెలుగుతుంది. కానీ దీనంతటికీ ఒక రోజు పడుతుంది. చాంబర్‌ని దోషి అనడానికి అర నిమిషం చాలు. పైగా ఏసీ నుంచి కారిన మంచినీళ్ళకు కూడా చాంబర్‌ని అనుమానించే ఓనర్లు ఉన్నంతకాలం మెకానిక్‌ని ఒక్కణ్ణే అని లాభం లేదు.

చాంబర్ నిజంగా దెబ్బతినే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. అప్పుడు అది బాధితురాలు. మామూలు రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని, 25 కిలోమీటర్ల వేగంతో దాటగలగాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. మన కాలనీల్లో అది సిమెంటు ఎంత మిగిలితే అంత, ప్రెసిడెంటు గారి పట్టుదల ఎంతుంటే అంత. సంక్రాంతికి ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను కుక్కి, కుంగిన కారుతో దాని మీదికి వెళ్తే కింద ఠంగుమంటుంది. అల్యూమినియం చాంబరైతే పగులుతుంది. రేకుదైతే సొట్టపడుతుంది. సొట్టేగా అనుకుంటాం. కానీ ఆయిల్ పీల్చే జల్లెడ చాంబర్ అడుగుకు బాగా దగ్గర్లో ఉంటుంది. సొట్ట వెళ్ళి దాని మూతికి ఆనితే, బయట చుక్క కారకుండానే ఇంజన్ గొంతు ఎండుతుంది.

అప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ బొమ్మ వెలుగుతుంది. ఉన్నచోటే ఇంజన్ ఆపమని దాని అర్థం. మనవాళ్ళకు మాత్రం "ఊరెంతో దూరం లేదు, పోనీ" అని వినబడుతుంది. ఇంజన్ పట్టేశాక ఇన్సూరెన్స్ వాళ్ళు చాంబర్‌కి డబ్బులిస్తారు. లైటు వెలిగాక కూడా నడిపినందుకు పోయిన ఇంజన్‌కి మామూలు పాలసీలో ఇవ్వరు. ఆ ముక్క పాలసీలోనే రాసి ఉంటుంది. చదవడానికి మాత్రం యూవీ లైటు కావాలి.

సరే, మార్పిడి ఘట్టం. అంచున ప్యాకింగ్‌గా పూసిన పాత గమ్మును ప్లాస్టిక్ గీకుడుబద్దతో గీకి, జిడ్డు లేకుండా తుడిచి, కొత్త గమ్మును సన్నటి గీతలా పెట్టి, బోల్టులన్నీ చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టులవి, సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. షెడ్డు సంప్రదాయం వేరు. స్క్రూడ్రైవర్‌తో గీకుతారు. గమ్ము అట్లపిండిలా పరుస్తారు. ఎక్కువైంది లోపలికి రాలి జల్లెడకు అడ్డం పడుతుందన్న చింత ఎవరికీ ఉండదు. "ఇంకో పట్టు పట్టరా చిన్నా" అన్న కేకతో అంచు వంకర తిరుగుతుంది. గమ్ము ఆరనివ్వాలిగా అంటే, "సార్ నిలబడే ఉన్నారు, ఆయిల్ పోసెయ్" అంటారు.

వారం తిరక్కుండా కొత్త చాంబర్ అంచున మళ్ళీ చుక్క నిలుస్తుంది. ఓనర్ బండి తీసుకొస్తాడు. మెకానిక్ కింద తల దూర్చి, వేలితో తడిమి, బయటికొచ్చి నిట్టూరుస్తాడు.

"చాంబర్‌ది ఏం తప్పు లేదు సార్. ఈసారి ఇంజనే దించేద్దాం."