వాటా గారూ, టొరొంటో దారి తెలియలేదా?

మహారాజశ్రీ సూపర్ లీగ్ సెంట్రల్ ఫండింగ్ వాటా గారి సముఖానికి, రగ్బీ లీగ్ పిచ్చి పట్టిన ఒక తెలుగువాడు రాసుకొను విన్నపం.

తమరు క్షేమమని తలుస్తాను. 2022 నుంచి స్కై టీవీ వాళ్లు చేయి బిగించాక తమరు బాగా చిక్కిపోయారని విన్నాను. అయినా ఆ ఇంట్లో పెత్తనం ఇంకా తమరిదే కాబట్టి ఈ ఉత్తరం తమరికే రాస్తున్నాను. యజమానులకు రాస్తే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. తమరు డబ్బు కాబట్టి అబద్ధం ఆడరు.

తమరెవరో మావాళ్లకు రెండు ముక్కల్లో చెప్పనివ్వండి. రగ్బీలో పదిహేను మంది ఆడేది యూనియన్, పదమూడు మంది ఆడేది లీగ్. ఈ రెండోదానికి పుట్టిల్లూ మెట్టినిల్లూ ఉత్తర ఇంగ్లండే. ఎం62 మోటార్‌వే పట్టుకుని పోతే హల్, లీడ్స్, కాసిల్‌ఫోర్డ్, హడర్స్‌ఫీల్డ్, వారింగ్టన్, సెయింట్ హెలెన్స్ అన్నీ దారిలోనే తగులుతాయి. ఆటలో పై మెట్టు పేరు సూపర్ లీగ్. టీవీ వాళ్లు ఇచ్చే సొమ్మును అక్కడి క్లబ్‌లు పంచుకుంటాయి. ఐపీఎల్‌లో ఫ్రాంచైజీలకు అందే సెంట్రల్ పూల్ డబ్బు లాంటిదే, కాకపోతే బాగా బక్కది. ఒక్కో క్లబ్‌కు ఏడాదికి పది లక్షల పౌండ్లు దాటి వచ్చే ఆ ముద్దే తమరు. టికెట్లు అమ్మినా, బీరు అమ్మినా, జెర్సీలు అమ్మినా, చాలా క్లబ్‌లకు నెల గడిచేది తమరి చలవతోనే.

ఆ మాటకొస్తే ఈ ఆట పుట్టిందే డబ్బు గొడవలో. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు మ్యాచ్ కోసం పని మానుకుంటే పోయే కూలి కింద రోజుకు ఆరు షిల్లింగులు ఇస్తామన్నారు ఉత్తరాది క్లబ్‌ల వాళ్లు. కుదరదన్నారు రగ్బీ యూనియన్ పెద్దలు. దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో కూర్చుని వేరు కుంపటి పెట్టుకున్నారు. పనిచేసినవాడికి డబ్బు ఇవ్వాల్సిందే అన్న పంతం మీద పుట్టిన ఆట ఇది. ఈ సంగతి గుర్తు పెట్టుకునే మిగతాది చదవండి.

ఇక అసలు విషయం. 2017లో టొరొంటో వోల్ఫ్‌ప్యాక్ అనే క్లబ్ వచ్చింది. కెనడాలో ఉంటుంది, ఇంగ్లండ్ లీగ్‌లో ఆడుతుంది, మధ్యలో అట్లాంటిక్ సముద్రం. ఆలోచన ఎరిక్ పెరెజ్‌ది, డబ్బు గనుల వ్యాపారి డేవిడ్ ఆర్గైల్‌ది. అట్టడుగు డివిజన్లో మొదలుపెట్టమన్నారు, మొదలుపెట్టారు. మా దగ్గరికి ఆడటానికి వచ్చే జట్ల విమానం టికెట్లు, హోటల్ బిల్లులు మేమే కడతాం అన్నారు, కట్టారు. పై మెట్టుకు వచ్చినా వాటా అడగం, ఉత్తర అమెరికా టీవీ హక్కులు మేమే అమ్ముకుంటాం అని కూడా ఒప్పుకున్నారు. పెళ్లికి పిలిచి, ఆకూ బియ్యం నువ్వే తెచ్చుకో, పక్క పంక్తిలో వాళ్లకూ నువ్వే వడ్డించు, ఆఖర్న మిగిలితే తిను అన్నట్టుంది వ్యవహారం. ఆ షరతులకు తలూపిన ఆర్గైల్‌ను చూస్తే జాలి, కోపం రెండూ వస్తాయి నాకు. టొరొంటోలో ఒకవైపు మేపుల్ లీఫ్స్ హాకీ, ఒకవైపు బ్లూ జేస్ బేస్‌బాల్, 2019లో ఎన్‌బీఏ కప్పే ఎత్తుకొచ్చిన రాప్టర్స్. వీళ్లందరి మధ్యలో, నిన్నటిదాకా ఊళ్లో ఎవరూ పేరు వినని ఆటకు టీవీ హక్కులు అమ్మి క్లబ్‌ను పోషిస్తాడట!

జనం మాత్రం వచ్చారండీ. ఆ సంగతి తమరికి ఎవరూ చెప్పి ఉండరు. కింగ్ స్ట్రీట్ వెస్ట్‌లో లాంపోర్ట్ స్టేడియం అని ఒకటుంది. కాంక్రీటు మెట్లు, ప్లాస్టిక్ గడ్డి. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్ల జైలు ఉండేది. దాన్ని పడగొట్టి స్టేడియం కట్టి, ఆదివారం పూట ఆటలు ఆడనివ్వాలని పోరాడిన మేయర్ అలన్ లాంపోర్ట్ పేరు పెట్టారు. 2017 మే నెలలో తొలి హోమ్ మ్యాచ్‌కు 6,281 మంది వచ్చారు. అది మూడో డివిజన్ మ్యాచ్, వచ్చిన జట్టు ఆక్స్‌ఫర్డ్, స్కోరు 62-12. నాకాన్ (బంతి చేతిలోంచి ముందుకు జారిపోవడం) అంటే ఏమిటో, ఆరో ట్యాకిల్ తర్వాత బంతి ఎందుకు ఇచ్చేస్తారో సగం మందికి తెలియదు. ఒక కొసన బీరు గార్డెన్, చేతిలో గ్లాసు, పక్కనే గోల్ లైన్, ఎదురుగా వంద కిలోల మనుషులు ఢీకొట్టుకోవడం. ఆ మజా అర్థం కావడానికి రూలు పుస్తకం అక్కర్లేదు.

2018లో ప్రమోషన్ చివరి మ్యాచ్‌లో లండన్ బ్రాంకోస్ మీద 4-2తో ఓడిపోయారు. రెండు జట్లూ కలిసి ఒక్క ట్రై (గోల్ లైన్ దాటి బంతిని నేలకు ఆనించడం) కూడా చేయలేదు, అంతా పెనాల్టీ కిక్కులే. చూసినవాళ్లకు ఎంత నరకమో ఊహించుకోండి. మరుసటి ఏడాది 2019 అక్టోబర్ 5న అదే మైదానంలో, 9,974 మంది చూస్తుండగా ఫెదర్‌స్టోన్‌ను 24-6తో కొట్టి సూపర్ లీగ్ ఎక్కారు.

ఆ ప్రమోషన్ మ్యాచ్‌కు జనం పెట్టుకున్న ముద్దుపేరు తమరికి తెలిసే ఉంటుంది. మిలియన్ పౌండ్ గేమ్. గెలిచినవాడికి పది లక్షల పౌండ్ల భాగ్యం కలుగుతుందని, అంటే తమరి దర్శనం అవుతుందని ఆ పేరు. పేరు తమరిది, పోటీ తమరి కోసం. ఆ ఏడాది గెలిచిన జట్టుకు మాత్రం తమరు ఒక్క పెన్నీ రాల్చలేదు. ఒప్పందంలో ఉంది కదా అంటారు. ఉంది నిజమే. గెలిస్తే ఏమీ రాని లాటరీకి లక్కీ డ్రా అని పేరు పెట్టి ఊరంతా బ్యానర్లు కట్టడం కూడా చట్టప్రకారం తప్పేమీ కాదేమో.

టొరొంటో వాళ్లు శుద్ధపూసలని నేననడం లేదు. పై మెట్టు ఎక్కగానే వాళ్లు చేసిన మొదటి పని సోనీ బిల్ విలియమ్స్‌ను తెచ్చుకోవడం. న్యూజిలాండ్ రగ్బీ యూనియన్ జట్టు ఆల్‌బ్లాక్స్ తరఫున రెండు ప్రపంచకప్పులు గెలిచినవాడు, పేరు చెబితే పత్రికలు పరిగెత్తుకొస్తాయి. రెండేళ్లకు దాదాపు 50 లక్షల పౌండ్లని పత్రికలు రాశాయి. సూపర్ లీగ్‌లో ఒక జట్టు మొత్తం జీతాలకు అప్పట్లో పెట్టిన పరిమితి ఏడాదికి 21 లక్షల పౌండ్లు. అంటే ఒక్కడి జీతం, జట్టందరి జీతాల హద్దు కంటే ఎక్కువ! మార్క్యూ ఆటగాడి రూలు ఉంది కాబట్టి ఆ జీతంలో ఏదో చిన్న ముక్కే పరిమితి లెక్కలోకి వస్తుంది. లెక్కలోకి రాకపోయినా జేబులోంచి పోవడం ఆగదు కదా. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెతకు ఇంత ఖరీదైన ఉదాహరణ నేను చూడలేదు. ఆ డబ్బుతో జట్టులో ఖాళీలు పూడ్చుకోవచ్చు, కుర్రాళ్లకు అకాడమీ పెట్టుకోవచ్చు, కనీసం ఆర్నెల్ల జీతాలు బ్యాంకులో వేసుకోవచ్చు. చేయలేదు.

కెనడా చలికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో లాంపోర్ట్‌లో ఆడటం కుదరదు. అందుకని 2020 సీజన్ మొదటి నెలలన్నీ ఇంగ్లండ్‌లోనే తిరిగారు. వరుసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడారు, లీడ్స్ చేతిలో 66-12. చాలెంజ్ కప్ అనే నాకౌట్ టోర్నీలో హడర్స్‌ఫీల్డ్ మీద 18-0తో గెలిచి అమ్మయ్య అనుకున్నారో లేదో కోవిడ్ వచ్చి తలుపులు మూసింది. ఏప్రిల్లో సొంతూళ్లో ఆడాల్సిన మ్యాచ్‌లు ఎగిరిపోయాయి. టికెట్ డబ్బు లేదు, బీరు డబ్బు లేదు, సరిహద్దు దాటి వచ్చే దారి లేదు. మిగతా క్లబ్‌లకూ ఇదే కష్టం వచ్చింది. తేడా ఏమిటంటే వాళ్ల పక్కన తమరున్నారు. ఇక్కడ ఉన్నది ఆర్గైల్ పర్సు ఒక్కటే, అదీ ఖాళీ అయింది. జీతాలు ఆగాయి. జూలై 20న సీజన్ నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించారు. ఒక్క సూపర్ లీగ్ మ్యాచ్ కూడా టొరొంటోలో జరగకుండానే టొరొంటో సూపర్ లీగ్ క్లబ్ ముగిసిపోయింది.

ఆ తర్వాత కార్లో లివోల్సి అనే అక్కడి వ్యాపారి కొంటానని ముందుకొచ్చాడు. దానిమీద ఒక పరిశీలన జరిగింది. టొరొంటో వల్ల లీగ్ ఆదాయం చెప్పుకోదగ్గంత పెరిగే సూచనలు లేవని తేల్చారు. నవంబర్ 2న సూపర్ లీగ్ పెద్దలు ఓట్లు వేశారు. వద్దని 8, కావాలని 4. ఆర్థికంగా నిలదొక్కుకోలేదన్నది తీర్పు సారాంశం. ఆదాయం ఇవ్వని చోట ఆదాయం లేదని కనిపెట్టడానికి అంత పెద్ద పరిశీలన ఎందుకో! ఆ ఖాళీలోకి 2021లో ఇంగ్లండ్‌లోని లీ అనే ఊరి క్లబ్‌ను తీసుకున్నారు. వాళ్లు ఆ ఏడాది గెలిచినవి రెండు మ్యాచ్‌లు, మళ్లీ కిందికి పోయారు. వాళ్లను మాత్రం తమరు కాస్త తగ్గించి అయినా పలకరించారు.

అవతలివాళ్ల బాధ కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం ఏకపక్షం అవుతుంది. కాసిల్‌ఫోర్డ్ లాంటి చిన్న ఊరి క్లబ్ ట్రెజరర్ కుర్చీలో కూర్చుని చూడండి. పక్క ఊరి జట్టు వస్తే వెనకాలే వేలమంది వస్తారు, టికెట్లు కొంటారు, మీట్ పైలు తింటారు. టొరొంటో వస్తే ఎవరొస్తారు? స్కై చందాదారులు ఇంగ్లండ్‌లో ఉంటారు కానీ ఒంటారియోలో ఉండరు. టొరొంటోకు వాటా పెడితే ఆ కోత తమ పళ్లెంలోనే పడుతుంది. ఆయన ఓటు అటు వేస్తే నాకు ఆశ్చర్యం లేదు. నా గొడవల్లా, ఆ మాట 2016లోనే మొహం మీద చెప్పి ఉండాల్సింది. విమానం టికెట్లు పుచ్చుకుని, హోటళ్లలో దిగి, మూడేళ్లు విస్తరణ విస్తరణ అని పత్రికల్లో మురిసిపోయి, చివరికి చెప్పడం ఏం మర్యాద?

తమరికి ఓపిక లేదని కూడా అనలేను. 2006లో ఫ్రాన్స్ నుంచి పెర్పిన్యాకు చెందిన కాటలాన్స్ డ్రాగన్స్‌ను తెచ్చుకున్నప్పుడు, మూడేళ్లు కిందికి దించం, స్థిరపడండి అని మాటిచ్చారు. మొదటి ఏడాదే వాళ్లు అందరికన్నా అడుగున నిలిచారు. మాట ప్రకారం వాళ్లను ఉంచి, పదకొండో స్థానంలో ఉన్న కాసిల్‌ఫోర్డ్‌ను దించారు. కాసిల్‌ఫోర్డ్‌లో ఆ రోజు ఎవరింట్లో ఎవరు ఏం తిట్టారో ఇక్కడ రాయలేను. ఆ కాటలాన్సే 2018లో వెంబ్లీలో వారింగ్టన్‌ను 20-14తో ఓడించి చాలెంజ్ కప్ పట్టుకెళ్లారు. కాటలాన్స్ రాకకు పదేళ్ల ముందు 1996, 97ల్లో పారిస్‌లో పెట్టిన జట్టు రెండు సీజన్లకే మూతపడింది. అదీ విదేశమే, ఇదీ విదేశమే. పెర్పిన్యాలో ఆట ముందు నుంచీ ఉంది, దానికి టైమిచ్చారు. అంతే.

ఒట్టావా ముచ్చట ఒకటుంది, నవ్వుకోవడానికి చెబుతాను. ఇంగ్లండ్‌లోని హెమెల్ స్టాగ్స్ లైసెన్సు కొని ఒట్టావా ఏసెస్ అని పేరు పెట్టారు. కోవిడ్ దెబ్బకు ఒట్టావాలో బంతి పడకుండానే ఆ లైసెన్సు కాస్తా ఇంగ్లండ్‌లోనే ఉన్న కార్న్‌వాల్ చేరింది. అట్లాంటిక్ దాటుతానన్న క్లబ్ అట్లాంటిక్ ఒడ్డున ఆగిపోయింది.

మరి తమరి ఆస్ట్రేలియా చుట్టాలను చూడండి. పాపువా న్యూగినీ జట్టు 2028లో అక్కడి పై మెట్టు రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లోకి వస్తోంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లకు 60 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు పెడుతోంది, అందులో కొంత పసిఫిక్ దీవుల్లో ఆటను పెంచడానికి. ఆటగాళ్లు పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీకి రావడానికి జీతం మీద పన్ను కూడా లేకుండా చేస్తున్నారు. అక్కడ రగ్బీ లీగ్ జాతీయ క్రీడతో సమానం, జనం ప్రాణం పెడతారు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఈ డబ్బు అభిమానుల మీద ప్రేమతో రాలేదు. పాపువా న్యూగినీ చైనాతో భద్రతా ఒప్పందం కుదుర్చుకుంటే ఆస్ట్రేలియా వెనక్కి తగ్గే వీలుందని పత్రికలు రాశాయి. గేటు వసూళ్లెంత, స్పాన్సర్లెవరు, బ్రేక్ ఈవెన్ ఎప్పుడు అని పరిశీలన కమిటీలు ఇక్కడ పెద్దగా గొంతు చించుకోలేదు. వోల్ఫ్‌ప్యాక్ చేసిన పొరపాటు బహుశా చైనాకు దూరంగా పుట్టడమేనేమో.

కాబట్టి నా కోరికలు రెండు. మళ్లీ ఎవరైనా సముద్రం అవతలి నుంచి క్లబ్ పెడతామని వస్తే, వాటా ఉందో లేదో మొదటి రోజే చెప్పండి. లేకపోతే ఆ ప్రమోషన్ మ్యాచ్ మళ్లీ ఎప్పుడైనా పెడితే దానికి వేరే పేరైనా పెట్టుకోమనండి.

ఇట్లు,
తమరి దర్శనం ఏనాడూ కాని ఒక అభిమాని

తా.క.: 2025 మార్చి 1న విగన్, వారింగ్టన్ జట్లు సూపర్ లీగ్ మ్యాచ్ ఒకటి లాస్ వేగాస్‌లో ఆడాయి. విగన్ 48-24తో గెలిచింది. ఇంగ్లండ్ నుంచి అభిమానులు సొంత ఖర్చుతో ఎగిరి వెళ్లారు, ఉత్తర అమెరికా మార్కెట్ అద్భుతం అని అందరూ చెప్పుకున్నారు. ఎనిమిది ఓట్ల వాళ్లకు ఈ సంగతి తెలియజేయగలరు.