బాలు ఐస్‌క్రీం కథను సగమే చెబుతున్నాం

విజయవాడలో పిల్లల పాటల పోటీ ఎక్కడ జరిగినా ఈ మాట వినిపించి తీరుతుంది. "బాలు గారు ఐస్‌క్రీం తినేవారు, ఫ్రిజ్ నీళ్లు తాగేవారు. ఆయన గొంతుకేమైంది? నువ్వూ తిను నాన్నా, ఏం కాదు." అన్నవాళ్లది ప్రేమే. కథ కూడా అబద్ధం కాదు. గొంతు కోసం ప్రత్యేకంగా నోరు కట్టుకోనని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారే ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పారు. కానీ ఏళ్లతరబడి సిగరెట్ తాగి మానేశానని, ఒక దశలో గొంతుకు ఆపరేషన్ చేయించుకున్నానని కూడా ఆయనే చెప్పారు. ఆ రెండో సగం మన పోస్టుల్లో ఎక్కడా కనపడదు. నా బాధంతా అదే.

ముందు ఐస్‌క్రీం సంగతి. మనం మింగేది ఏదీ స్వరపేటికలో కంపించి గొంతు పలికించే స్వరతంత్రులకు తగలదు. మింగే క్షణంలో స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీద ఒక రెక్క మూతలా వాలుతుంది, తిన్నది వెనక ఉన్న అన్నవాహికలోకి జారిపోతుంది. పొరపాటున ఒక్క మెతుకు అటు వెళితే పొలమారి ఉక్కిరిబిక్కిరి అవుతాం. అందుకే ఐస్‌క్రీం తంత్రుల్ని గడ్డకట్టించదు, మిరియాల పాలు వాటిని కడగవు, బుగ్గన పెట్టుకున్న కరక్కాయ ముక్క రసం అక్కడిదాకా చేరదు. కరక్కాయతో లాలాజలం ఊరుతుంది, గొంతు తడిగా అనిపిస్తుంది, అంతవరకు మంచిదే. పాడబోయే ముందు పాలపదార్థం తింటే కొందరికి గొంతులో జిగురుగా ఉంటుంది. ఆ జిగురు పోవడానికి పదేపదే గొంతు సవరించుకుంటారు. దెబ్బ తగిలేది అక్కడ. ఖర్‌మని సవరించుకున్న ప్రతిసారీ రెండు తంత్రులూ ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకుంటాయి. సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు తాగి మింగండి.

ఏసుదాస్ గారిది ఇందుకు పూర్తిగా ఎదురు పద్ధతి. చల్లటి వస్తువు జోలికి పోరు, తిండిలో, అలవాట్లలో కట్టుదిట్టంగా ఉంటారు. అంత తేడా ఉన్నా ఆయన్ని బాలు గారు అన్నగా చూసుకున్నారు, 2017లో భార్యతో కలిసి పాదపూజ చేశారు. ఇద్దరూ దశాబ్దాలపాటు పాడారు. కాబట్టి ఐస్‌క్రీం తిన్నారా లేదా అన్నదాన్ని బట్టి గొంతు నిలబడలేదని ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

మన బెజవాడ, గుంటూరు వైపు గొంతులు పాడయ్యే దారి వేరే ఉంది. పెళ్లి ఆర్కెస్ట్రా రాత్రి పదకొండింటికి అయిపోతుంది. అప్పుడు గోంగూర, ఊరమిరపకాయలు, బిర్యానీతో కడుపునిండా భోజనం. అరగంటలో పడక. పడుకోగానే కడుపులోని ఆమ్లం పైకి తన్ని స్వరపేటిక వెనక భాగాన్ని కాలుస్తుంది. గుండెలో మంట ఉండకపోవచ్చు కూడా. పొద్దున లేవగానే గొంతు బొంగురుగా ఉండడం, ఏదో ఉండ అడ్డం పడ్డట్టనిపించడం దాని గుర్తులు. జలుబు చేసిందనుకుని ఆవిరి పడతారు, తగ్గదు. భోజనానికీ పడకకీ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. కచేరీ ఉన్న రోజు సాయంత్రం ఐదారు గంటలకే తినేసి, అయ్యాక అరటిపండో, కాస్త పెరుగన్నమో చాలనుకోవాలి. కారం మానేయమని గుంటూరు వాళ్లకి నేను చెప్పను. వేళ మార్చుకోమంటున్నాను.

ఇంకా పెద్ద తప్పు శ్రుతిది, అంటే పాట ఎత్తుకునే స్థాయిది. పిల్లాడు ఫోన్‌లో కరోకే ట్రాక్ (గాయకుడి గొంతు లేకుండా వాద్యాలే ఉన్న పాట) పెట్టుకుని బాలు గారు పాడిన శ్రుతిలోనే పాడతాడు. మగ గొంతుకు ఒకటో శ్రుతిలో తారస్థాయి షడ్జం (పై స) దగ్గర తంత్రులు సెకనుకు దాదాపు 260 సార్లు కొట్టుకుంటాయి, దాని పైన పంచమం (ప) దగ్గర 390 సార్లు. అలవాటు లేని గొంతు ఆ ఎత్తును మెడ నరాలు బిగించి అరిచి అందుకుంటుంది. రోజూ అలా గంట పాడితే రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా చిన్న కాయలు కడతాయి. అవి అడ్డుపడి తంత్రులు పూర్తిగా మూసుకోవు, గాలి కారుతుంది, మెల్లగా పాడాల్సిన చోట గొంతు పలకదు. గట్టిగా పాడితే పలుకుతుంది కాబట్టి ఇంకా గట్టిగా పాడతారు, కాయలు ఇంకా గట్టిపడతాయి. ట్రాక్‌ని అర శ్రుతి చొప్పున దించుకుంటూ, పై స్వరం దగ్గర గడ్డం పైకి లేవకుండా పాడగలిగిన చోట ఆగండి. చాలామందికి రెండు మూడు మెట్లు దించితే సరిపోతుంది. గొంతు మారుతున్న వయసు మగపిల్లలకైతే ఆ ఏడాది రెండేళ్లూ పోటీలే వద్దు.

నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కించే బిళ్లలు చప్పరింపజేసి స్టేజీ ఎక్కించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆగమని చెప్పే నొప్పిని చంపేసి పాడిస్తే ఆ రాత్రి ఎంత దెబ్బ తగిలిందో మర్నాటిదాకా తెలియదు. గుసగుసగా మాట్లాడడం విశ్రాంతి అనుకోవడమూ తప్పే, చాలామంది గుసగుసలోనూ గొంతు బిగిస్తారు. విశ్రాంతి అంటే మౌనం. బొంగురు మూడు వారాలు దాటితే చిట్కాలు ఆపి ఈఎన్‌టీ డాక్టరు దగ్గర స్వరపేటిక చూపించుకోవాలి. పిల్లల్లో ఇలాంటి కాయలు చాలావరకు విశ్రాంతితో, గొంతు వాడే తీరు మార్చడంతో కరిగిపోతాయి, కత్తి అవసరం రాదు.

బాలు గారి గురించి పిల్లలకు చెప్పాల్సిన కథ నా దృష్టిలో కాగితం కథ. పాట ఏ భాషదైనా తన చేత్తో తెలుగులో రాసుకుని పాడేవారు. 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో ఉపేంద్రకుమార్ సంగీతంలో ఉదయం 9 నుంచి రాత్రి 9 లోపు 21 కన్నడ పాటలు పాడారు. పన్నెండు గంటల్లో తిండీ విరామం కలుపుకుని పాటకు సగటున 34 నిమిషాలు. ఆ వేళలోనే వినాలి, నేర్చుకోవాలి, పాడాలి. చేతిరాతలో మాట నోటికి ఎక్కకపోతే అది అయ్యే పని కాదు.

పిల్లలకు ఆ అలవాటు చేయండి. ఫోన్ తెర చూసి పాడనివ్వద్దు. తెల్లకాగితం మీద ఒక వైపే, వరుసకీ వరుసకీ మధ్య రెండు వరుసల ఖాళీ వదిలి రాయించండి. పల్లవి మళ్లీ వచ్చిన ప్రతిచోటా మళ్లీ పూర్తిగా రాయాలి, లేకపోతే పాట మధ్యలో కళ్లు పైకి పరుగెత్తి చరణం ఎత్తుగడ తప్పుతుంది. ఊపిరి తీసే చోట చిన్న నిలువు గీత. 'వెన్నెలరేయి'ని 'వెన్నె' దగ్గర విరిచి దమ్ము తీస్తే వినేవాడికి అర్థం పోతుంది, గీత ముందే పెట్టుకుంటే ఆ తప్పు జరగదు. ఒత్తక్షరాలకు, శ ష స లకు సున్నా చుట్టించండి. స్టేజీ మీద కంగారులో మొదట జారిపోయేవి అవే. ప, బ, భ ఉన్న మాటల కింద గీత పెడితే అక్కడ మైకు కాస్త పక్కకు తిప్పాలని గుర్తుంటుంది, లేదంటే స్పీకర్లో ఫట్‌మని పేలుతుంది. మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకోకూడదు, కూత పెడుతుంది.

ఎస్. జానకి గారిది మన రేపల్లె దగ్గర పల్లపట్ల. గూడూరు పోటీలో కుర్రాడు బాలుకు రెండో బహుమతి ఇస్తుంటే, మొదటిది ఈ అబ్బాయికే రావాలని వేదిక మీద చెప్పింది ఆవిడే. పసిపిల్ల గొంతుతో పాడినా, ముసలి గొంతుతో పాడినా ఆవిడ ముఖంలో కండరం కదిలేది కాదు, చేతులు ఊగేవి కావు. పోటీల్లో కళ్లు తిప్పి, భుజాలు ఎగరేసి అభినయించమని పిల్లలకు నేర్పేవాళ్లు ఆవిడ పాత వీడియో ఒక్కటి చూపించండి. భుజం ఎగిరితే ఊపిరి పైపైనే ఆగిపోతుంది, వరుస చివర స్వరం కిందికి జారుతుంది.

సరదా కథలే కావాలంటే ఘంటసాల గారివి బోలెడున్నాయి. విజయవాడ దుర్గాపురంలో ఆయన పేరు పెట్టుకున్న సంగీత కళాశాలలో చేరే ప్రతి పిల్లకీ పిల్లాడికీ అవి తెలియాలి. సంగీతం నేర్చుకోవడానికి నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మేసి విజయనగరం వెళ్లి, అక్కడ మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, చదువుకున్న మనిషి ఆయన. 1944 మార్చి 4న పెళ్లి జరిగితే ఆ సాయంత్రం పెళ్లికొడుకే కూర్చుని కచేరీ చేశాడు. ఈ రోజుల్లో సంగీత్ పేరుతో లక్షలు పోసేవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి, ఎంత ముచ్చటపడతారో.

మన ఊళ్లో పెద్ద గాయకుల పక్కన కీబోర్డు, తబలా వాయించినవాళ్లు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మైకులు సర్దినవాళ్లు ఇంకా ఉన్నారు. అయ్యా, మీరు రాయండి. వయసు పెరిగాక ఆ గాయకులు ఏ పాటను ఎన్ని మెట్లు దించి పాడారు, రిహార్సల్లో పూర్తి గొంతు వాడేవారా, పై స్వరాలు దాచుకునేవారా, రెండు పాటల మధ్య ఏం తాగేవారు, జలుబు చేసిన రోజు పాటల వరుస ఎలా మార్చారు. అవి మీ ఒక్కరికే తెలుసు.