గోడ మీది ఫార్మసిస్టు

రోగి ఒకచోట, ఫార్మసిస్టు మరొకచోట ఉండి మందుల సంగతి మాట్లాడుకునే విధానం కరోనా పుణ్యమా అని లోకానికి తెలిసివచ్చిందని ఎవరైనా అంటే, వరంగల్ వాసిగా నాకు కించిత్తు మనస్తాపం కలుగుతుంది. అమెరికాలో నార్త్ డకోటా వారు ఈ శతాబ్దం మొదట్లోనే మారుమూల దుకాణాలకు కెమెరాలు తగిలించి ఫార్మసిస్టును తెర మీద చూపించారు. సంతోషం. మన దగ్గర కొన్ని మెడికల్ షాపుల్లో కెమెరా ఖర్చు కూడా లేకుండానే ఆయన గాజు పటంలో సర్టిఫికెట్టు రూపాన వెలసి, భద్రకాళి అమ్మవారి పటం పక్కన నిలిచి, అమ్మవారికి వెలిగించిన అగరొత్తుల పొగలో తన వాటా తాను అందుకుంటూ, నెలనెలా అద్దె కూడా పుచ్చుకుంటున్నాడు.

ఇలా ఫార్మసిస్టు లేకుండా మందులివ్వడం నేరం కాదా అని అడిగేవారు ముందు ఆనాటి శిక్ష ఎంతో చూడాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం, ఫార్మసిస్టుగా రిజిస్టరు కాని మనిషి డాక్టరు చీటీ మీద మందులిస్తే 6 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. కరోనా వచ్చేనాటికి కూడా ఆ వేయి వేయిగానే ఉన్నది. అప్పటిదాకా మందుల దుకాణంలో ధర పెరగనిది అదొక్కటే. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలైతే మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లు వాడాలి, దుష్ఫలితాలేమిటి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి అన్నీ ఫార్మసిస్టు రోగికి వివరించాలన్నాయి. మా వీధిలో ఆ వివరణ అంతా కాగితం కవరు మీద మూడు నిలువు గీతలైంది.

2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసి, ఫోనులో వైద్యం చెప్పే అర్హత ఆర్‌ఎంపీలదేనన్నది. ఢిల్లీలో ఆ మూడక్షరాలకు రిజిస్టరైన వైద్యుడని అర్థం. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరో చెప్పనక్కరలేదు. వారు ఆ బాధ్యతను వినయంగా స్వీకరించారు. మర్నాడే మందులు ఇంటికి చేర్చవచ్చని, చీటీ ఈమెయిల్‌లో వచ్చినా చాలునని, అయితే రోగి ఇల్లు దుకాణమున్న రెవెన్యూ జిల్లాలోనే ఉండాలని మరో ఉత్తర్వు వచ్చింది. అప్పటికి హన్మకొండ వరంగల్ అర్బన్ జిల్లాలో, వర్ధన్నపేట వరంగల్ రూరల్ జిల్లాలో ఉన్నందున, జ్వరం కూడా జిల్లా చూసుకొని రావలసి వచ్చింది. డాక్టరు ఎలా మాట్లాడాలో ఒక కాగితం, గోలీలు ఎలా మోయాలో ఒక కాగితం వచ్చాయి గానీ, ఈ గోలీ ఆ గోలీతో కలిపి మింగవచ్చునా అని చెప్పవలసిన మనిషి ఎలా మాట్లాడాలో చెప్పే కాగితం రాలేదు. కాగితమైపోయినవాడికి మళ్లీ కాగితమెందుకని కాబోలు.

ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం, జ్వరానికీ దగ్గుకూ మందు కొన్నవారి వివరాలు రాసిపెట్టమని దుకాణాలను ఆదేశించింది. ఆ విధంగా దుకాణం రోగిని మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది: ఫోన్ నంబరెంత? వారం తిరగకముందే మా వాడలో జ్వరాలన్నీ ఒళ్లు నొప్పులుగా మారిపోయాయి.

2021 మే నెలలో, పొద్దున 10 దాటితే లాక్‌డౌన్ ఉన్న రోజుల్లో, వర్ధన్నపేట దగ్గరి మా చిన్నమ్మకు ఆర్‌ఎంపీ ఫోనులో చెప్పిన గోలీలు బండి మీద వచ్చాయి. ఆమెకు పదేండ్లుగా షుగర్. వీడియో కాల్‌లో స్ట్రిప్పు చూపించమన్నాను. కత్తెర పేరు మధ్యనుంచి పోయింది. 'లోన్' అన్న తోక మాత్రం మిగిలింది. ఆ తోక గల గోలీలు చాలావరకు స్టెరాయిడ్లేననీ, అవి షుగర్‌ను ఎగదోస్తాయనీ, బ్లాక్ ఫంగస్ భయంతో ఊళ్లు వణుకుతున్న ఆ నెలలో నాకు కూడా తెలుసు. మరి ఫార్మసిస్టుకు ఎంత తెలియాలి! ఆయననే అడుగుదామని, ఆమెను లైనులో ఉంచి, షాపుకు ఫోన్ కలిపాను.

"తెల్లది పొద్దుగాల, పచ్చది రాత్రి అని చెప్పిన గద చిన్నమ్మా," అన్నాడు షాపులో పనిచేసే పిల్లవాడు.

"ఫార్మసిస్టు సార్‌కు ఇయ్యి బిడ్డా," అన్నది చిన్నమ్మ.

"సార్ హైదరాబాద్‌ల ఉంటడు."

"ఆయన నంబరన్న చెప్పు."

పిల్లవాడు స్టూలు ఎక్కిన చప్పుడు వినిపించింది. పటం తుడిచి, అందులో ఉన్న రిజిస్ట్రేషన్ నంబరును ఒక్కొక్క అంకె విడమరిచి చదివాడు. చిన్నమ్మ రాసుకొని రెండుసార్లు కలిపి చూసిందట.